చెన్నై నుంచి విమానంలో ప్రింటర్ ఇంక్: పోస్టు, కొరియర్, కార్గో ఏజెంటు – ఎవరి పని ఎంత?

చెన్నైలో విదేశాలకు సరుకు పంపే ఏజెంట్లకు కొదవేం లేదు. ప్యారిస్ కార్నర్ సందుల్లో చూసినా, పల్లావరం నుంచి మీనంబాక్కం దాకా రోడ్డు పొడుగునా చూసినా బోర్డులే. "ఇంక్ కార్ట్రిడ్జ్‌లు దుబాయ్ పంపాలి, కిలో ఎంత పడుతుంది?" అని ఫోన్‌లో అడిగితే చాలామంది అర నిమిషంలో రేటు చెప్పేస్తారు. అలా చెప్పినవాళ్ల చేతిలో సరుకు పెట్టకండి. రేటు మాట ఎత్తే ముందు "ఎంఎస్‌డీఎస్ ఉందా? వాటర్ బేస్డా, సాల్వెంటా? బాటిలా, కార్ట్రిడ్జా? కొత్తవా, రీఫిల్లా?" అని నాలుగు ప్రశ్నలు వేసే మనిషే మీ పెట్టెల్ని విమానం ఎక్కించగలడు. ఎంఎస్‌డీఎస్ అంటే ఇంక్‌లో ఏముందో, ఎంత ప్రమాదకరమో తయారీదారు రాసిచ్చే సమాచార పత్రం. సాల్వెంట్ అంటే నీళ్లకు బదులు రసాయన ద్రావకంతో చేసిన ఇంక్. రిచీ స్ట్రీట్ నుంచి కార్ట్రిడ్జ్‌లు, అంబత్తూరు నుంచి కోడింగ్ ఇంకులు (బాటిళ్ల మీద తేదీ కొట్టేవి) సింగపూర్‌కో, కొలంబోకో, గల్ఫ్‌కో పంపే మనవాళ్లకు పనికొచ్చేలా ఇక్కడి సర్వీసులను ఈ కొలబద్దతోనే చూద్దాం.

ఇంక్ అనగానే కార్గో కౌంటర్‌లో ఎందుకంత జాగ్రత్త పడతారో ముందు తెలియాలి. 2010 అక్టోబరు 29న యెమెన్ నుంచి బయల్దేరిన రెండు పార్సిళ్లలో, ప్రింటర్ టోనర్ కార్ట్రిడ్జ్‌ల లోపల దాచిన పీఈటీఎన్ పేలుడు పదార్థం దొరికింది. ఒకటి ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలో, ఇంకొకటి దుబాయ్‌లో. ఆ మరుసటి నెలలోనే అమెరికా 16 ఔన్సులు, అంటే దాదాపు 453 గ్రాములు దాటిన టోనర్, ఇంక్ కార్ట్రిడ్జ్‌లను ప్రయాణికుల విమానాల్లో చేతి సంచీలోనూ, చెక్-ఇన్ సామానులోనూ నిషేధించింది. బయటి దేశాల నుంచి వచ్చే కార్గోలో కొంత భాగానికీ ఆ ఆంక్ష పెట్టింది. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ కార్ట్రిడ్జ్ ఈ బరువుకు దరిదాపుల్లోకి రాదు కానీ, ఆఫీసు లేజర్ ప్రింటర్ల టోనర్లు చాలా వరకు దాటిపోతాయి. "మా తమ్ముడు అమెరికా వెళ్తున్నాడు, సూట్‌కేసులో రెండు టోనర్లు పెట్టేద్దాం" అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కార్గోలో మాత్రం, ఎక్స్-రేలో దట్టంగా కనిపించే ఈ డబ్బాల మీద రాసిన వివరణ లోపలి సరుకుతో సరిపోలకపోతే పెట్టె తెరవడం ఖాయం.

ఆ వివరణ దగ్గరే సగం ఏజెంట్లు తప్పుదారి పట్టిస్తారు. "లిక్విడ్ అని రాయొద్దు సార్, ప్రింటర్ స్పేర్స్ అని వేసేద్దాం, సాఫీగా వెళ్లిపోతుంది" అంటారు. వెళ్లదు. వెళ్లినా, ఎక్కడైనా కారితే లోపల ఏముందో తప్పు చెప్పింది షిప్పర్, అంటే సరుకు పంపే మీరే అవుతారు, ఏజెంటు కాదు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఎయిర్‌వే బిల్లు (విమాన సరుకు రసీదు) మూడింటిలోనూ ఒకే మాట ఉండాలి: వాటర్ బేస్డ్ ఇంక్ కార్ట్రిడ్జ్‌లు, ఫలానా మోడల్, ఒక్కోటి ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని పీసులు, ప్రమాదకర సరుకు కాదు. ఇంత వివరంగా రాస్తే స్క్రీనింగ్‌లో అడిగేది తగ్గుతుంది.

ఎంఎస్‌డీఎస్ అని అందరూ పిలిచే కాగితంలో 16 భాగాలుంటాయి. ఏజెంటు చూసేది మూడే. ఒకటో భాగంలో ఉత్పత్తి పేరు, కోడ్ మీ ఇన్‌వాయిస్‌తో కలవాలి. నల్ల ఇంక్ షీటు పెట్టి నాలుగు రంగులు పంపితే అక్కడే ఆగిపోతుంది. తొమ్మిదో భాగంలో ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి నిప్పు అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత, చూడాలి. 60 డిగ్రీల సెల్సియస్, అంతకంటే తక్కువ ఉంటే అది మండే ద్రవం, మూడో తరగతి ప్రమాదకర సరుకు. పద్నాలుగో భాగం రవాణా గురించి. అక్కడ విమాన సంస్థల సంఘం అయాటా వరుసలో "నియంత్రణ లేదు" అని ఉంటే మామూలు కార్గో, యూఎన్ 1210 (ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్య సమితి ఇచ్చే నంబరు) అని ఉంటే మండే ప్రింటింగ్ ఇంక్. ఇంట్లో, ఆఫీసులో వాడే ఇంక్‌జెట్ ఇంక్ ఎక్కువగా నీళ్లతో చేసిందే కాబట్టి మొదటి రకంలోకి వస్తుంది. పెద్ద బ్రాండ్ల షీట్లు కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొడితే దొరుకుతాయి. కంపాటిబుల్ ఇంక్, అంటే బ్రాండు ప్రింటర్లకు సరిపోయేలా బయటి కంపెనీ చేసిన ఇంక్, అమ్మేవాళ్లను షీటు అడిగితే కొందరు వేరే కంపెనీ షీటులో పేరు మార్చి ఇస్తారు. ఒకటో భాగంలో తయారీదారు చిరునామా, అత్యవసర ఫోన్ నంబరు చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది.

ఇక సర్వీసుల సంగతి. నాలుగైదు కార్ట్రిడ్జ్‌లు ఒక కస్టమర్‌కు పంపాలంటే ఇండియా పోస్ట్ వారి ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్ట్ చాలు. ఎగుమతి వ్యాపారులకు పోస్టు వారి డాక్ ఘర్ నిర్యాత్ (ఎగుమతి) కేంద్రాల ద్వారా పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే కస్టమ్స్ పత్రం ఆన్‌లైన్‌లోనే వేసుకునే వీలుంది, ఏజెంటు చేతులు తడపక్కర్లేదు. మండే ద్రవాలు పోస్టులో అసలు వెళ్లవు, కాబట్టి ఫ్యాక్టరీ సీలున్న వాటర్ బేస్డ్ సరుకు మాత్రమే. బరువు పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది, బుక్ చేసే ముందు ఆ దేశం పట్టిక చూసుకోండి. అమెరికాకు పంపేవాళ్లకు ఇంకో మాట: 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. చిన్న పార్సిల్ అయినా సుంకం పడుతుంది, అది ఎవరు కట్టాలో కొనేవాళ్లతో ముందే తేల్చుకోవాలి.

ఎక్స్‌ప్రెస్ కొరియర్ వేగంగా వెళ్తుంది, ఇంటి గుమ్మం దాకా ఇస్తుంది, రెండువైపులా కస్టమ్స్ పని కొరియర్ వాళ్లే చూసుకుంటారు. 20 కిలోల లోపు సరుకుకు మా ఓటు దీనికే. కానీ నేరుగా కొరియర్ కంపెనీలో ఖాతా తెరవండి. కాలనీ చివర షాపులో "అన్ని కొరియర్లూ ఇక్కడే" అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గర బుక్ చేస్తే సరుకు వాళ్ల ఖాతాలో, వాళ్లు రాసిన వివరణతో వెళ్తుంది. హబ్‌లో ఆగితే కంపెనీ మీతో మాట్లాడదు, షాపువాడు ఫోన్ ఎత్తడు. ద్రవం పంపుతున్నామని ముందే ఈమెయిల్‌లో చెప్పి, ఎంఎస్‌డీఎస్ జతచేసి, "ఒప్పుకుంటున్నాం" అన్న జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. పికప్ కుర్రాడు "నో లిక్విడ్" అన్నప్పుడు పనిచేసేది ఆ మెయిలే.

కొరియర్ బిల్లులో ఎక్కువమంది పట్టించుకోనిది వాల్యూమ్ బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి కొరియర్ వాళ్లు 5000తో భాగిస్తారు, ఎయిర్ కార్గో వాళ్లు 6000తో. 60×40×40 పెట్టె తీసుకోండి. కొరియర్‌లో అది 19.2 కిలోలు, కార్గోలో 16. రిటైల్ డబ్బాల్లో ఉన్న కార్ట్రిడ్జ్‌ల్లో సగం గాలే కాబట్టి కాటా మీద అదే పెట్టె 9 కిలోలు తూగినా డబ్బు 19.2కే కట్టాలి. బాటిల్ ఇంక్ అయితే దీనికి తలకిందులు. అసలు బరువే ఎక్కువ వస్తుంది.

45 కిలోలు దాటితే ఎయిర్ కార్గోకు రావాలి, అసలు రివ్యూ చేయాల్సిన సర్వీసు కూడా అదే. విమాన సంస్థల రేట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి: 45 లోపు, 45 పైన, 100 పైన, 300 పైన, 500 పైన. మెట్టు ఎక్కేకొద్దీ కిలో రేటు తగ్గుతుంది. ఉదాహరణకు 45 పైన కిలో 150 రూపాయలు, 100 పైన 130 అనుకుందాం. మీ సరుకు 92 కిలోలైతే 150 లెక్కన 13,800. అదే 100 కిలోలుగా బుక్ చేస్తే 13,000. తెలిసిన ఏజెంటు తనంతట తనే 100కు బిల్లు వేస్తాడు. కొందరు విమాన సంస్థకు 100 మెట్టులో కట్టి, మనకు 92ను పై రేటులో వేసి తేడా జేబులో వేసుకుంటారు. బిల్లులో కిలోల వరుస, రేటు వరుస విడివిడిగా చూపించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

కిలో రేటు ఒక్కటే కాదు. ఇంధన సర్‌చార్జి, సెక్యూరిటీ సర్‌చార్జి, ఎయిర్‌వే బిల్లు ఫీజు, టెర్మినల్ చార్జీలు, ఎక్స్-రే, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు అన్నీ వచ్చి పడతాయి. "ఆల్ ఇన్" రేటు అన్నవాడి నోట ఇవన్నీ ఒక్కొక్కటిగా పలికించి కాగితం మీద పెట్టించుకోండి. చిన్న లాట్‌కు ఈ స్థిర ఖర్చులే విమాన చార్జీని మించిపోతాయి, 45 కిలోల గీత అందుకే చెప్పింది.

మీనంబాక్కం విమానాశ్రయ కార్గో కాంప్లెక్స్‌లో పని జరిగే తీరు తెలిస్తే ఏజెంటు ఎక్కడ నీళ్లు నములుతున్నాడో పసిగట్టొచ్చు. కస్టమ్స్ బ్రోకర్ ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి పత్రం, వేస్తాడు. దానికి మీ ఐఈసీ (ఎగుమతి-దిగుమతిదారు నంబరు) ఉండాలి, విదేశీ చెల్లింపులు చూసే మీ బ్యాంకు ఏడీ కోడ్ ఆ పోర్టుకు నమోదై ఉండాలి. చెన్నై ఎయిర్ కార్గోకు కోడ్ ఐఎన్‌ఎంఏఏ4. చెన్నై ఓడరేవుకు ఏడీ కోడ్ నమోదు చేసుకుని ఎయిర్‌కు మర్చిపోయినవాళ్లు సరుకు గేటు దాకా వచ్చాక తలపట్టుకుంటారు. సరుకు టెర్మినల్‌లో దిగాక తూకం, కొలతలు, ఎక్స్-రే, ఆపైన కస్టమ్స్ పరిశీలన, చివరికి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎల్‌ఈఓ), అంటే ఎగుమతికి కస్టమ్స్ అనుమతి. అది పడ్డాకే విమాన సంస్థ చేతికి వెళ్తుంది. "సరుకు వెళ్లిపోయింది" అని ఏజెంటు చెబితే ఎల్‌ఈఓ తేదీ, విమాన సంస్థ ఇచ్చే 11 అంకెల మాస్టర్ ఎయిర్‌వే బిల్లు నంబరు అడగండి. మొదటి మూడు అంకెలు విమాన సంస్థవి. ఆ సంస్థ ట్రాకింగ్‌లో నంబరు కొడితే బయల్దేరిందో లేదో మీకే తెలుస్తుంది. ఏజెంటు తనే రాసిచ్చే హౌస్ ఎయిర్‌వే బిల్లు ఒక్కటే ఇచ్చి సరిపెట్టేవాళ్ల సరుకు సాధారణంగా కన్సాలిడేషన్ కోసం, అంటే ఇతరుల సరుకుతో కలిపి పంపడానికి, గోడౌన్‌లో కూర్చుని ఉంటుంది.

కస్టమ్స్‌కు సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్ కోడ్ విషయంలో కూడా బ్రోకర్ పనితనం బయటపడుతుంది. ప్రింట్ హెడ్ ఉన్న ఇంక్ కార్ట్రిడ్జ్ 84439951, హెడ్ లేనిది 84439952. బాటిల్‌లో విడి ఇంక్ అయితే 3215 కింద, నలుపు వేరు, రంగులు వేరు. అన్నీ కలిపి ఒకే వరుసలో 8443 కింద వేసే బ్రోకర్లున్నారు. కస్టమ్స్ ప్రశ్న వస్తే విమానం తప్పిపోయేది మనకే. అమెరికాకు బాటిల్ ఇంక్ పంపేటప్పుడు అక్కడి రసాయనాల చట్టం టోస్కా కింద ధ్రువీకరణ కూడా కావాలి.

సాల్వెంట్ ఇంక్ దగ్గరికొస్తే ఏజెంట్ల జాబితా ఒక్కసారిగా చిక్కిపోతుంది. అంబత్తూరు, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీల్లో బాటిళ్ల మీద తేదీ కొట్టే మెషీన్ల ఇంకు, దానితో వచ్చే మేకప్ ద్రవం చాలా వరకు ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే ద్రావకంతో చేసినవి. ఎంఈకే ఫ్లాష్ పాయింట్ సున్నాకు దిగువన మైనస్ 9 డిగ్రీలు. అలాంటి ఇంక్ యూఎన్ 1210, ప్యాకింగ్ గ్రూప్ 2 (మధ్యస్థ ప్రమాదం). ప్రయాణికుల విమానంలో ఒక ప్యాకేజీకి 5 లీటర్లు మించకూడదు, కార్గో విమానంలో 60 లీటర్ల దాకా. యూఎన్ ముద్ర ఉన్న పెట్టె, 10 సెంటీమీటర్ల చదరపు ఎర్ర లేబుల్, అంచున ఎర్ర గీతలున్న షిప్పర్స్ డిక్లరేషన్, దాని మీద శిక్షణ పొందిన మనిషి సంతకం తప్పనిసరి. డిక్లరేషన్‌లో పేరు ఒక అక్షరం తేడా వచ్చినా కౌంటర్‌లో వెనక్కి పంపుతారు. డీజీ, అంటే ప్రమాదకర సరుకు, పంపిస్తామనే ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: "మీ దగ్గర సంతకం పెట్టేవాళ్ల అయాటా డీజీఆర్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుంది?" బయట మనిషిని పిలిపిస్తామంటే ఆలస్యానికి సిద్ధపడండి.

దీనికి ఎదురు దోపిడీ కూడా ఉంది. అతినీలలోహిత కాంతితో గట్టిపడే యూవీ ఇంకుల్లో చాలావాటి పద్నాలుగో భాగంలో యూఎన్ 3082, పర్యావరణానికి హానికరం అని ఉంటుంది. ఆ నంబరు చూడగానే డీజీ ఫీజు, డీజీ పెట్టె అంటూ బిల్లు పెంచేస్తారు. కానీ ఆ తరగతికి ఏ197 అనే ప్రత్యేక నిబంధన ఉంది: లోపలి డబ్బా ఒక్కోటి 5 లీటర్లు, అంతకంటే తక్కువైతే, ప్యాకింగ్ సాధారణ నియమాల ప్రకారం ఉంటే, మిగతా ప్రమాదకర సరుకుల నిబంధనలు వర్తించవు. ఒక లీటరు యూవీ ఇంక్ బాటిళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఏ197 అంటే తెల్లమొహం వేసే ఏజెంటుకు యూవీ ఇంక్ ఇవ్వకండి. తెలిసినవాడి చేత ఎయిర్‌వే బిల్లులో ఆ నంబరు రాయిస్తే కౌంటర్ దగ్గర వాదన తగ్గుతుంది.

అన్నిటికంటే తరచుగా పట్టుబడేది పెట్టె మూలన ఉచితంగా పెట్టిన చిన్న హెడ్ క్లీనర్ సీసా. అందులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఫ్లాష్ పాయింట్ 12 డిగ్రీలు, యూఎన్ 1219. వాటర్ బేస్డ్ అని రాసిన 60 కిలోల సరుకు మొత్తం ఆ ఒక్క 50 మిల్లీలీటర్ల సీసాతో అప్రకటిత ప్రమాదకర సరుకు అయిపోతుంది. కిట్లు పంపేవాళ్లు సీసా తీసి పక్కన పెట్టండి.

ప్యాకింగ్ సర్వీసు కూడా ఇస్తామనే ఏజెంట్లలో ఇంక్ గురించి తెలిసినవాళ్లు అరుదు. బుడగల కవరు చుట్టి, పైన "ఫ్రాజైల్" స్టిక్కరు అంటిస్తే పనైపోయిందనుకుంటారు. ఇంక్ కారేది దెబ్బ తగిలి మాత్రమే కాదు, గాలి ఒత్తిడి తగ్గి కూడా. నేల మీద ఒత్తిడి 101 కిలోపాస్కల్స్. పైకి వెళ్లాక విమానం పొట్టలో అది 75 దాకా దిగుతుంది. కార్ట్రిడ్జ్ లోపల చిక్కుకున్న గాలి మూడో వంతుకు పైగా వ్యాకోచిస్తుంది. గాలి రంధ్రం మీద టేపు లేకపోతే ఇంక్ నాజిల్ నుంచి బయటికి తోసుకొస్తుంది. దిగేటప్పుడు అదే దారిన గాలి లోపలికి పోతుంది. కొన్నవాళ్ల ప్రింటర్‌లో గీతలు తప్పి పడటానికి కారణం ఇదే, చాలాసార్లు కార్ట్రిడ్జ్ పాడై కాదు. కొత్త ఒరిజినల్ కార్ట్రిడ్జ్ నిండుగా, సీలుతో ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. రీఫిల్ కార్ట్రిడ్జ్‌లో గాలి ఎక్కువ, అసలు టేపు పోయి మామూలు సెలోటేపు ఉంటుంది. రీఫిల్‌ను విమానంలో పంపడమే వద్దు అంటాం.

బాటిళ్లకు మూత కింద ఇండక్షన్ సీల్ (నోటికి అతికించిన రేకు పొర) ఉండాలి. మూత చుట్టూ టేపు వేస్తే మూత ఊడదు కానీ కారడం ఆగదు. అంచుదాకా నింపకండి, మే నెల ఎండలో విమానాలు నిలిపే ర్యాంప్ మీద పెట్టె కాగితే ఇంక్ ఉబ్బడానికి చోటు కావాలి. మండే ఇంకుల లోపలి డబ్బా 95 కిలోపాస్కల్స్ ఒత్తిడి తేడాను కారకుండా తట్టుకోవాలని నియమం, ప్యాకింగ్ గ్రూప్ 3 అయితే 75. మామూలు ఇంక్‌కు కూడా సీసా సప్లయర్‌ను ఆ పరీక్ష కాగితం అడగడం మంచిది. ఒక్కో బాటిల్ జిప్ కవరులో, నిలువుగా, మధ్యలో అడ్డలు, కార్టన్ లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి, అందులో ఇంక్ పీల్చుకునే షీటు. 7 ప్లై కార్టన్, ఒక్కోటి 15 కిలోలు దాటకుండా, ఎదురెదురు రెండు వైపులా పై బాణం గుర్తులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో టెర్మినల్ బయట లారీలోనే తడిసిన పెట్టెలు చాలా ఉంటాయి. స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టేటప్పుడు పైన కూడా షీటు కప్పించండి. చెక్క ప్యాలెట్ అయితే ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కలో చీడలు లేకుండా శుద్ధి చేసిన గుర్తు) ఉండాలి, ప్లైవుడ్ అయితే అక్కర్లేదు.

సరుకు క్షేమంగా చేరినా పనిచేయకపోయే చిక్కు ఒకటుంది. పెద్ద బ్రాండ్లు తమ కార్ట్రిడ్జ్ చిప్పుల్లో ప్రాంతం కోడ్ పెడతాయి. ఇక్కడ కొన్న కార్ట్రిడ్జ్‌ను వేరే ప్రాంతంలో కొన్న ప్రింటర్ నిరాకరించవచ్చు. మోడల్ నంబరు ఒకటే కదా అనుకోకుండా కస్టమర్ ప్రింటర్ ఎక్కడ కొన్నారో అడిగి పంపండి. కంపాటిబుల్ సరుకు మీద బ్రాండు లోగో ఉంటే మాత్రం అవతలి కస్టమ్స్ నకిలీ కింద స్వాధీనం చేసుకోవచ్చు. "ఫలానా ప్రింటర్‌కు సరిపోతుంది" అన్న మాట వరకే రాయాలి.

బీమా అమ్మే ఏజెంట్లు చెప్పని సంగతి చివరిది. మామూలు మెరైన్ పాలసీ (సరుకు రవాణా బీమా), విమాన రవాణాకు తీసుకున్నా, సాధారణ కారడాన్ని, చాలని ప్యాకింగ్‌ను మినహాయిస్తుంది. ఇంక్ విషయంలో గొడవ ఎప్పుడూ ఈ రెండింటి మీదే. అందుకే సీల్ చేసే ముందు ప్రతి కార్టన్ లోపలి ఫొటో తీసి పెట్టండి. విమాన సంస్థ నుంచి వచ్చేది మాంట్రియల్ ఒప్పందం ప్రకారం కిలోకు గరిష్ఠంగా 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్), 2024 డిసెంబరు 28 నుంచి. అంతకు ముందు 22. కార్ట్రిడ్జ్‌ల విలువ కిలో లెక్కన దీనికంటే చాలా ఎక్కువ కాబట్టి బీమా లేకుండా పంపకండి. పెట్టె మీద ఇంక్ మరక కనిపిస్తే అందుకునేవాళ్లు డెలివరీ రసీదు మీదే ఆ సంగతి రాసి సంతకం పెట్టాలి. తెరిచాక తెలిస్తే సరుకు అందిన రోజు నుంచి 14 రోజుల లోపు విమాన సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి, ఏజెంటుకు వాట్సాప్ పెడితే అది నోటీసు కింద లెక్కకు రాదు.